తప్పొప్పుల పట్టిక

మన పాఠశాల వార్షిక సంచికకు వ్యాస మొకటి వ్రాసి పంపుఁడని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, మేము చేయుచుండు పని పిల్లలకు రుచించునా యని కొంత సందేహించితిమి. మా పని కంపైలరులకు సంబంధించినది. అందును, కంపైలరు తప్పులను బట్టుకొను విధము గాదు. పట్టుకొన్న తప్పును వ్రాసినవానికిఁ జెప్పు విధము. ఈ మాట వినఁగానే పెద్దలే యావులింతురు. అయినను గడచిన వేసవిలో నీ భవానీపురముననే జరిగిన సంగతి యొకటి మమ్మును మిక్కిలి సిగ్గుపఱచినది. దానిని జెప్పుకొనుటకు మేము చదివిన బడి పత్రికకంటెఁ దగిన చోటు మాకుఁ దోఁపలేదు.

మా తాతగారి పెట్టెలోఁ బాత పుస్తకములు కొన్ని కలవు. అందుఁ బెక్కు బెజవాడ ముద్రాక్షరశాలలలో నచ్చుపడినవే. వాని చివరఁ దప్పొప్పుల పట్టిక యని యొక పుట తఱుచుగాఁ గానవచ్చును. పుట, పంక్తి, తప్పు, ఒప్పు: ఇట్లు నాలుగు నిలువు వరుసలు. చదువరి యా పుట దీసి, పంక్తి లెక్కించి, కలముతో దిద్దుకొని ముందునకుఁ బోవును. ఎక్కడ తప్పినది, ఏది తప్పినది, ఏమి యుండవలెను అను మూఁడు ప్రశ్నలకు నందు జవాబున్నది. అంతకంటె మేలైన గుణము మఱొకటి కలదు. చదువువానిపై నింద లేదు. తప్పు మాదే యని ముద్రాపకుఁడే యొప్పుకొనుచున్నాఁడు. చిన్ననాఁడు మేము కథకంటె ముందుగా నీ పట్టికనే చదువుచుంటిమి. ఇతరుల తప్పులు చూచుటలో బాలురకుఁ గల యానంద మట్టిది.

కంపైలరన నేమో యెఱుఁగనివారి కొక మాట. మనుష్యుఁడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రము నడపఁదగిన రూపమునకు మార్చెడి ప్రోగ్రామే కంపైలరు. వ్రాఁతలో నర్థము కుదరనిచో నది మార్చుట మాని, ఆగి, తెఱపై సందేశ మొకటి వ్రాయును. ఆ సందేశమును జదువువాఁ డెట్టి స్థితిలో నుండునో చదువరులే యాలోచింపవలెను. పని యాగిపోయినది. ఎందు కాగినదో తెలియదు. ప్రక్కన గురువు లేఁడు. ఆ సమయమున వానితో మాటలాడువారము మేమే. అనఁగా, ఎన్నఁడో యా వాక్యమును వ్రాసి మఱచిపోయినవారము.

ఈ విద్యలో నిట్టి సందేశములకు చాలకాలము గౌరవము లేకుండెను. యూనిక్సు తొలిదినములలోఁ బుట్టిన ఈడీ యను ఎడిటరు, మన మే తప్పు చేసినను, ఒక్క ప్రశ్నార్థకమును మాత్రము వ్రాసి యూరకుండెడిది. ఎందుకు, ఎక్కడ యని యడుగవలసినది మనము గదా. అదియే మనలను బ్రశ్నించుచుండెను! 2015లో ఎల్మ్ అను భాషను నిర్మించిన ఎవన్ చాప్లికీ, కంపైలరు సందేశములు మనుష్యుల కొఱకని చెప్పి, తన భాషలో వానిని నిండు వాక్యములుగాఁ దిరుగ వ్రాయసాగెను. రస్ట్ భాషవారు 2016లోఁ దమ సందేశముల రూపమును మార్చుచు, ఎల్మ్ నుండి నేర్చుకొంటిమని బాహాటముగా నొప్పుకొనిరి. ఇవి యన్నియు మాకుఁ దెలిసినవే. తెలిసియుండియు మేము చేసిన దేమో యిఁక వినుఁడు.

మేమును మా మిత్రుఁ డొకఁడును గలసి, తెలుఁగు మాధ్యమమునఁ జదువు పిల్లల కొఱకుఁ జిన్న భాష నొకదానిని గల్పించితిమి. అందుఁ బేర్లు తెలుఁగు లిపిలో వ్రాయవచ్చును. సందేశములును దెలుఁగుననే వచ్చును. సాయంకాలములందు మా యింటి వసారాలో నైదాఱుగురు పిల్లలు కూర్చుండి నేర్చుకొనుచుండిరి. వారిలోఁ దొమ్మిదవ తరగతి బాలుఁ డొకఁడు. వాని తండ్రి గొల్లపూడి టోకు మార్కెట్టులో ముఠాపని చేయును. లారీలనుండి బస్తాలు దింపిన కూలి ముఠా కంతకు నొక్కటిగా వచ్చును. వారము చివర దానిని మనిషి కింతయని పంచుకొందురు. పంపకమునఁ దఱుచుగాఁ దగవులు. ఆ తగవు తీర్పవలెనని బాలుఁడు ప్రోగ్రాము వ్రాయఁబూనెను. మే మిచ్చిన లెక్క కాదు, వాని సొంత లెక్క. అట్టివాఁడు దొరకిన దినము బోధకునకుఁ బండుగ.

వాని తొమ్మిదవ పంక్తి యిది:

వాటా = మొత్తకూలి / మనుషులు

పైన మూఁడవ పంక్తిలో మనుషులు = "12" అని వ్రాసియుండెను. అంకెను గొటేషను గుర్తుల నడుమ వ్రాసినచో నది యంకె కాదు, వట్టి యక్షరముల వరుస, దానితో భాగింపరాదు. కంపైలరు తప్పును సరిగనే పట్టుకొన్నది. కాని తెఱపై వ్రాసిన దిది: “లోపము 17: రకము కుదరలేదు. పంక్తి 9, స్థానము 46.” ఆ క్రింద తొమ్మిదవ పంక్తి. దాని క్రింద, అక్షరము లన్నియు ముగిసిన పిమ్మట, కుడివైపున దూరముగా ఖాళీచోట బాణపు గుర్తొకటి.

బాలుఁ డా సాయంకాలము మాతో నేమియుఁ జెప్పలేదు. మఱునాఁడును జెప్పలేదు. మూఁడవ దినమునుండి రాలేదు. వేసవి గదా, అమ్మమ్మగారి యూరికిఁ బోయియుండునని మే మనుకొంటిమి. పది దినముల పిమ్మట బెంచీ క్రింద వాని నోటుపుస్తకము దొరకినది.

దానిని జదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తొమ్మిదవ పంక్తిని గడిగడిగా గీసి, ఒక్కొక్క గడిలో నొక్కొక్క యక్షరము నుంచి, ఖాళీలతోఁ గూడ లెక్కించినాఁడు. పదునాఱే వచ్చినవి. ప్రక్కన “46 ఎక్కడ?” అని వ్రాసికొన్నాఁడు. తరువాత వరుసగా వాని ప్రయత్నములు. పంక్తి చివరఁ జుక్క పెట్టినాఁడు, సెమికోలను పెట్టినాఁడు, ఇరువదితొమ్మిది ఖాళీలు విడిచి, సరిగా నలువదియాఱవ చోటఁ జుక్క పెట్టి చూచినాఁడు. ఏదియుఁ బాఱలేదు. అప్పుడు మా వివరణల పుస్తకము దీసి, పదునేడవ లోపమును జదివినాఁడు. అందు, అంకెను గొటేషను గుర్తులలో వ్రాయుట తప్పని చెప్పి, దూరము = "40" + 2 అను నుదాహరణము మే మిచ్చియుంటిమి. వాఁ డా పంక్తిని యథాతథముగా నెక్కించి నడపినాఁడు. యంత్రము చప్పుడు చేయక యొప్పుకొన్నది! ఏలనన, రెండు నెలలకు ముందు మేము భాషను గొంచెము మార్చి, కూడిక గుర్తుతో నక్షరములను, అంకెలను జేర్పవచ్చునని యనుమతించితిమి. వివరణను మాత్రము మార్పమైతిమి. నోటుపుస్తకమున వాని మాటలు: “పుస్తకం తప్పంది. మిషను ఒప్పుకుంది. అయితే కొటేషన్ల వల్ల కాదు.” ఆ క్రింద, కొంచెము ఎడముగా, చివరి పంక్తి: “నాకు రాదు.”

చూడుఁడు, వాఁ డెంత చక్కఁగాఁ బరీక్షించినాఁడో! ఒక్కొక్క యనుమానమును వేఱుపఱచి, యంత్రము నడిగి, జవాబు వ్రాసికొని, దానినుండి తర్కించినాఁడు. పెద్ద చదువులు చదివినవారికే యీ యోపిక యుండదు. వాని తర్కములో దోషము లేదు. మేము వాని చేతి కిచ్చిన సాక్ష్యము లబద్ధములు.

నలువదియాఱు ఎక్కడినుండి వచ్చినదో చెప్పెదము. కంప్యూటరులోఁ దెలుఁగు వ్రాఁత యూనికోడు సంకేతములుగా నుండును. “వా” యన మనకొక్క యక్షరము. దానికి వకారమునకొకటి, దీర్ఘమునకొకటి, రెండు సంకేతములు. వానిని దాఁచునప్పుడు యూటీఎఫ్-8 పద్ధతిలోఁ బ్రతి తెలుఁగు సంకేతమునకు మూఁడేసి బైటులు పట్టును. “మనుషులు” అను మాట మొదలగు చోటు మన యక్షరముల లెక్కఁ బదుమూఁడవది; సంకేతముల లెక్క నిరువదవది; బైటుల లెక్క నలువదియాఱవది. మేము బైటులను లెక్కించితిమి. ఇంగ్లీషు లిపిలో నక్షరము, సంకేతము, బైటు మూఁడును నొక్కటే గనుక నీ తేడా యెవరికిని గనఁబడదు. ప్రసిద్ధమైన జీసీసీ కంపైలరు సైతము 2021లో వచ్చిన 11వ రూపమునఁ గాని, సందేశములలో స్థానమును బైటులలో లెక్కించుట మాని తెఱమీఁది కొలతకు మాఱలేదు. తెలుఁగు లిపి పాశ్చాత్యుల యంత్రములను జిక్కులఁ బెట్టుట యిదియే మొదలు కాదు. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అను నక్షరము వచ్చిన సందేశము తెఱపైఁ బడఁగానే ఐఫోనులలో ప్రోగ్రాములు కూలినవి. ఆ నెల 19వ తేదీన యాపిల్ వారు సవరణ విడుదల చేయవలసి వచ్చెను. కనఁబడని సంకేత మొకదానితోఁ గూడ నైదు సంకేతములు, పదునైదు బైటులు, ఒక్క యక్షరము. అదియు జ్ఞానమను మాటకు మొదటి యక్షరము! ఆ నాఁడు మే మందఱితోఁ గూడ నవ్వితిమి. మా బైటుల లెక్క వచ్చునప్పటికి నవ్వు రాలేదు.

మఱునాఁడే వాని యింటికిఁ బోయి క్షమాపణ చెప్పవలెనని మా మిత్రుఁ డనెను. వట్టి చేతులతోఁ బోయి యేమి చెప్పుదుము, పని చక్కఁజేసికొని పోవుదమని మేము వాదించితిమి. మా మాటయే నెగ్గెను. ఇప్పుడాలోచింపఁగా, ఆ బాలుని మఱియొక నెల దినములు “నాకు రాదు” అను తలంపుతో విడిచిపెట్టుట మా రెండవ తప్పని తోఁచుచున్నది.

పనిలోనికి దిగి చూడఁగా, సందేశములు కంపైలరునిండ 112 చోట్లఁ జెదరియుండెను. తప్పు పట్టుకొన్న చోటనే, అప్పటికిఁ దోఁచిన వాక్యమును వ్రాసి వదలియుంటిమి. ఒకచోట “రకము కుదరలేదు”, వేఱొకచోట “తప్పు రకము”, మఱొకచోట “ఇచట నంకె కావలెను”. మూఁడును నొక్క తప్పునకే పేర్లు. ఇట్టి దానిని జక్కఁబెట్టుటను రిఫాక్టరింగందురు. బయట జరుగు పని మాఱకుండ లోపలి యమరికను మార్చుట యని దాని యర్థము. డెల్టాలోఁ బుట్టినవారి కిది క్రొత్త గాదు. వేసవిలోఁ గాలువలు కట్టినప్పుడు పూడిక తీసి, గట్లెత్తి, తూములు బాగుచేయుదురు. నీరు వదలిన పిమ్మట నవే పొలములు, అదే నీరు. అయితే కాలువ చివరి రైతునకుఁ దేడా తెలియును.

మా తాతగారి పుస్తకములలోని పట్టికయే మాకు దారి చూపినది. తప్పును గనిపెట్టు భాగ మిఁక వాక్యములు వ్రాయరాదు. చీటి యొకటి నింపవలెను. లోపము సంఖ్య, తప్పు బయటపడిన చోటు, దానికి మూలమైన చోటు, సంబంధించిన మాటలు: ఇంతే. ఆ చీటి నందుకొని తెలుఁగున వ్రాయు భాగము వేఱొకటి, కంపైలరు మొత్తమున కొక్కటి. చెప్పుట కిది సులువు. “మూలమైన చోటు” అను గడి నింపుటకే మూఁడు వారములు పట్టినది. తొమ్మిదవ పంక్తిలోఁ జిక్కు వచ్చినదని మా కంపైలరునకుఁ దెలియును గాని, ఆ విలువ మూఁడవ పంక్తిలోఁ బుట్టినదని దానికి జ్ఞాపకముండదు. ప్రతి విలువయుఁ దన జన్మస్థానమును వెంటఁ దెచ్చుకొనునట్లు మార్పవలసి వచ్చెను. రస్ట్ వారు తమ 2016నాఁటి రూపమున, ప్రధానమైన చోటుతోఁబాటు దానికి సంబంధించిన చోట్లనుగూడఁ జూపి, ఒక్కొక్కదానికిఁ జిన్న వ్యాఖ్య జేర్చిరి. అది యలంకారమని మొదట మే మనుకొంటిమి. కాదు. తప్పు కనఁబడిన చోటు వేఱు, దిద్దవలసిన చోటు వేఱు.

బాణపు గుర్తు విషయమునఁ జాల పెనఁగులాడి యోడిపోయితిమి. బైటులు మాని యక్షరములే లెక్కించినను, తెలుఁగక్షరములన్నియు నొక్క వెడల్పున నుండవు. “క్ష్మీ” యెంత, “ర” యెంత! ఒకరి తెఱపైఁ గుదిరిన బాణము మఱొకరి తెఱపై జరిగిపోవును. కడకు బాణమును దీసివేసి, తప్పైన మాటనే సందేశమునఁ దిరిగి వ్రాయ నిశ్చయించితిమి. వ్రేలు చూపుటకంటెఁ బేరు చెప్పుట మేలు. ఇంగ్లీషు పద్ధతిని మక్కికి మక్కిగాఁ దెచ్చుకొనుటవలన వచ్చిన చిక్కులలో నిది యొకటి. ఇట్టివి యింకను మాలో నెన్ని యున్నవో!

సంఖ్యల నుంచవలెనా, తీసివేయవలెనా యని మా యిరువురకును వాదము నడచెను. పదునేడను సంఖ్య పిల్లవాని కేమి చెప్పునని మిత్రుని ప్రశ్న. అప్పుడు మాకుఁ బ్రకాశము బ్యారేజి గుర్తునకు వచ్చెను. అచట వఱద 3.97 లక్షల క్యూసెక్కులకుఁ జేరఁగా మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండవది. 2024 సెప్టెంబరు తొలిదినములలో 11.43 లక్షల క్యూసెక్కులు పాఱినది. ఆ యంకె యింజనీరులకుఁ గావలసినదే. అది లేనిదే వారు పని చేయలేరు. కాని పున్నమి ఘాటు వైపు నివసించు ముసలమ్మ యడుగునది, నీళ్లు మా వీధిలోనికి వచ్చునా, ఎప్పుడు లేచి పోవలెను అని. కావున రెండును గావలెను. సంఖ్య నుంచితిమి. రస్ట్ లోఁగూడ నిట్లే: రకములు పొసఁగని తప్పునకు ఈ0308 అని సంఖ్య, ఆ సంఖ్యతో నడిగినచో నుదాహరణములతోఁ గూడిన వివరణ వచ్చును.

ఆ వివరణల సంగతియే మాకు ముఖ్యము. ఏలనన బాలుని నిజముగా వంచించినది బైటుల లెక్క గాదు, మా పుస్తకము. ఉదాహరణమును వ్రాసినవాఁడు నడపి చూచియే వ్రాయును. కాని భాష మాఱినప్పుడు పుస్తకమును మరల నడపి చూచువారెవరు? పైథాన్ భాషవారు 2001లోనే యిందుకొక యుపాయమును దమ భాషలోఁ జేర్చికొనిరి: వివరణలోని యుదాహరణములను యంత్రమే నడపి, చెప్పిన ఫలితము వచ్చినదో లేదో చూచును. రస్ట్ వారి వివరణలలోఁ దప్పు ప్రోగ్రాములకుఁగూడఁ బరీక్ష కలదు. ఈ పంక్తులు ఈ0308 లోపము నీయవలెనని గుర్తు పెట్టినచో, ఆ లోపము రానినాఁడు పరీక్ష తప్పును. ఒప్పును బరీక్షించుట యందఱు నెఱిఁగినదే. తప్పు తప్పుగానే యున్నదా యని పరీక్షించుట మాకుఁ గ్రొత్త. మావి 41 వివరణలు. ఉదాహరణములను బెఱికి యంత్రమున కిచ్చిన మొదటి రాత్రి తొమ్మిది తప్పినవి. పదునేడవది యొక్కటే గాదన్నమాట. మిగిలిన యెనిమిదింటిని నమ్మి యెవ రేమైరో మాకుఁ దెలియదు. వారి నోటుపుస్తకములు మాకు దొరకలేదు.

ఇఁక భాష. “రకము” అనఁగా మాకు శాస్త్రపదము. గొల్లపూడి మార్కెట్టు నెఱిఁగిన పిల్లవానికి రకమన బియ్యపు రకము. ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచున్న మేమే సందేశములను మాత్రము వాడుకమాటలలోనికి మార్చితిమి, పత్రికాసంపాదకులు మన్నింతురుగాక. క్రొత్త సందేశ మిట్లుండెను: “లోపం 17. 9వ పంక్తిలో ‘మొత్తకూలి’ని ‘మనుషులు’తో భాగించాలి. కాని ‘మనుషులు’ అంకె కాదు. 3వ పంక్తిలో దాన్ని "12" అని కొటేషన్లలో రాశారు. అంకె కావాలంటే కొటేషన్లు తీసి 12 అని రాయండి.”

ఒక యాదివారము ప్రొద్దుట నోటుపుస్తకమును, యంత్రమును దీసికొని వాని యింటికిఁ బోయితిమి. తండ్రి యింటనే యుండెను. మమ్మును జూచి లేచి, కుర్చీ వేసి, సంకోచముతో, “మావాడికి చదువబ్బదని చెప్పడానికి వచ్చారా మాస్టారూ?” అని యడిగెను. మాకు నోట మాట రాలేదు. “కాదండీ. మా పుస్తకంలో తప్పుంది. మీవాడే దాన్ని పట్టుకున్నాడు. అది చెప్పడానికి వచ్చాం,” అంటిమి. బాలుఁడు తలుపు చాటుననుండి వినుచుండెను. నోటుపుస్తకము చూచి ముఖము ప్రక్కకుఁ ద్రిప్పుకొన్నాఁడు. నలువదియాఱు ఎక్కడినుండి వచ్చినదో గడులు గీసి చూపితిమి. వాఁడు చాలసేపు చూచి, “అయితే నా లెక్క పదహారు కరెక్టేనా మాస్టారూ?” అని యడిగెను. కరెక్టే యంటిమి.

వాఁ డప్పుడు తన ప్రోగ్రామును నడపినాఁడు. క్రొత్త సందేశమును బెదవులు కదలించుచు రెండు మాఱులు చదివి, మూఁడవ పంక్తికిఁ బోయి, రెండు గుర్తులు చెఱిపినాఁడు. మొత్తకూలి 18,600; మనుషులు 12; వాటా 1,550 అని తెఱపై వచ్చెను. తండ్రి వంగి చూచి, “పన్నెండుమంది కాదురా, ఈ వారం పదకొండుమందిమే. ఒకాయనకి జ్వరం,” అనెను. అట్టి తప్పును గనిపెట్టు కంపైల రింకను బుట్టలేదు. జ్వరము వచ్చినవానికి వాటా యీయవలెనా వలదా యని తండ్రికొడుకు లంతట వాదములోఁ బడిరి. మేము టీ త్రాగి వచ్చితిమి.

పదునేడవ వివరణలోఁ బాత యుదాహరణమును దీసివేసి, వాని యనుమతితో వాని మూఁడవ, తొమ్మిదవ పంక్తులనే యుంచితిమి. ప్రతిరాత్రియు యంత్రము వానిని జదివి, తప్పని చెప్పుచున్నది. చెప్పనినాఁడు తెల్లవాఱకముందే మాకుఁ గబురందును.